వీపు కండరాలను చేత్తో పట్టి తెలుసుకోవడం ఎలా? మెడ నుంచి నడుము దాకా సమగ్ర మార్గదర్శి

ఫిజియోథెరపీ, నర్సింగ్, యోగా టీచర్ కోర్సు, జిమ్ ట్రైనర్ సర్టిఫికెట్... ఏది చదివినా వీపు కండరాల పేర్లు బట్టీ పట్టక తప్పదు. పరీక్ష అయిన నెలకే అవన్నీ మరిచిపోవడం కూడా మామూలే. చేతి కండరం బిగిస్తే కళ్లెదుటే కనిపిస్తుంది, తొడ కండరమూ అంతే. వీపు మాత్రం మనకు ఎప్పుడూ కనపడదు. కనపడనిదాన్ని బొమ్మ చూసి గుర్తుపెట్టుకోవడం కష్టం. చెయ్యి పెట్టి చూసి, వేలి కింద కండరం బిగుసుకోవడం ఒక్కసారి తెలిస్తే మాత్రం దాని పేరూ పనీ రెండూ మనసులో ఉండిపోతాయి.

అందుకే ఇక్కడ పేర్ల జాబితా ఇవ్వడం లేదు. ఇంట్లోనే, ఇద్దరు కలిసి, ఒక్కో కండరాన్ని వెతికి పట్టుకునే పద్ధతి చెబుతున్నాను. నడుం నొప్పితో విసిగిపోయి అసలు లోపల ఏముందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడుతున్నారని లెక్క తేలింది. మనిషి పని చేసుకోలేకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం ఇంకోటి లేదు. అయినా తన నడుంలో ఏ కండరం ఎటు లాగుతుందో తెలిసినవాళ్లు చాలా తక్కువ.

మొదటి నుంచి చివరి దాకా ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. కండరం లాగగలదు కానీ నెట్టలేదు. తన రెండు కొసల్నీ దగ్గరికి తీసుకురావడమే దానికి తెలిసిన పని. కాబట్టి ఏ రెండు ఎముకల మధ్య ఉందో, పోగులు ఏ దిక్కుగా ఉన్నాయో తెలిస్తే చాలు, అది ఏం చేస్తుందో పుస్తకం తెరవకుండానే చెప్పొచ్చు.

మొదలుపెట్టే ముందు

మీకు ఒక జోడీ కావాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్యాభర్తలు, క్లాస్‌మేట్స్, ఎవరైనా పరవాలేదు. వీపు ఆనకుండా కూర్చోవడానికి ఒక స్టూలు, బోర్లా పడుకోవడానికి నేల మీద చాప, గుర్తులు పెట్టడానికి సబ్బుతో పోయే ఐబ్రో పెన్సిల్ సిద్ధం చేసుకోండి. గోళ్లు కత్తిరించుకోండి. చేతులు రుద్దుకుని కాస్త వెచ్చబడ్డాక వీపు మీద పెట్టండి. చల్లటి చెయ్యి తగిలితే కండరం దానంతటదే బిగుసుకుంటుంది, అప్పుడు మీకు ఏదీ సరిగ్గా తెలియదు. వేలి కొసతో పొడవకుండా వేలి మెత్తటి భాగంతో నెమ్మదిగా తడమండి. ఈమధ్యే సర్జరీ అయినవాళ్ల మీదా, తీవ్రంగా నొప్పి ఉన్నవాళ్ల మీదా నేర్చుకోవద్దు.

అడుగు 1: ముందు ఎముకల గుర్తులు

కొత్తవాళ్లు నేరుగా కండరం కోసం వెతికి తికమకపడతారు. ఎముక కదలని గుర్తు. ముందు దాన్ని పట్టుకుంటే కండరం దానికి ఎటువైపు ఉందో తేలిగ్గా తెలుస్తుంది.

మన వెన్నెముకలో మెడ దగ్గర 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుంలో 5 ఉంటాయి. ఈ 24 విడివిడిగా కదులుతాయి. వాటి కింద 5 పూసలు కలిసిపోయి సేక్రమ్ అనే ఒకే ఎముక అవుతుంది, ఆ కింద తోక ఎముక. దాదాపు ప్రతి పూసకూ వెనక్కి పొడుచుకొచ్చిన ఒక ముల్లు, పక్కలకు రెండు కొమ్ములు ఉంటాయి. వీపు మధ్యలో చేతికి తగిలే బుడిపెలన్నీ ఆ ముళ్లే.

జోడీని స్టూలు మీద కూర్చోబెట్టి తల వంచమనండి. మెడ అడుగున ఒకటో రెండో బుడిపెలు బాగా పైకి కనిపిస్తాయి. మెడలోని 7వ పూస ఏదో తేల్చుకోవడానికి రెండింటి మీదా ఒక్కో వేలు ఉంచి, ఇప్పుడు తల నెమ్మదిగా పైకెత్తి వెనక్కి వాల్చమనండి. పై వేలి కింద ఉన్న బుడిపె లోపలికి జారిపోతుంది, అది 6వది. కింది వేలి కింద ఉన్నది దాదాపు అక్కడే నిలబడుతుంది, అదే 7వది. పెన్సిల్‌తో చుక్క పెట్టండి. మిగతా లెక్కంతా ఇక్కణ్నుంచే.

తర్వాత రెక్క ఎముక. భుజం పైనుంచి వెనక్కి, వెన్నెముక వైపు వేలు జరిపితే అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. ఆ గట్టు లోపలి కొస 3వ ఛాతీ పూస ఎత్తులో ఉంటుంది. అక్కణ్నుంచి రెక్క ఎముక లోపలి అంచు వెంట కిందికి దిగితే మొనదేలిన మూల వస్తుంది. చేతులు కిందికి వేలాడుతున్నప్పుడు అది సుమారుగా 7వ ఛాతీ పూస ఎత్తు. లోపలి అంచునూ కింది మూలనూ గీసి ఉంచండి.

ఇక నడుం. మీ రెండు చేతులూ జోడీ నడుం మీద రెండు పక్కలా ఆన్చి, తుంటి ఎముకల పై అంచులు తగిలేదాకా కిందికి నొక్కండి. అదే ఎత్తులో బొటనవేళ్లు వెన్నెముక వైపు జరిపితే 4వ నడుం పూస దగ్గరికి వస్తారు. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చే డాక్టర్లు పూసల మధ్య చోటు వెతకడానికి ఆధారం చేసుకునేది ఈ గీతనే. ఇంకాస్త కిందికి పిరుదుల పైన రెండు పక్కలా చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి సేక్రమ్ 2వ పూస ఎత్తులో ఉంటాయి.

అడుగు 2: పైపొరలో మొదటిది, ట్రెపీజియస్

పుర్రె వెనక బుడిపె నుంచి మొదలై, మెడ మధ్యగీత మీదుగా 12వ ఛాతీ పూస ముల్లు దాకా దిగి, పక్కన కాలర్ బోన్ బయటి భాగానికీ, భుజం కొసకీ, రెక్క ఎముక గట్టుకీ పట్టుకునే పెద్ద కండరం ఇది. మెడకూ భుజానికీ మధ్య చేత్తో పట్టుకుంటే దొరికే దళసరి అంచు దీనిదే.

ఇది చూడటానికి ఒకే కండరం అయినా పోగులు మూడు దిక్కులుగా ఉంటాయి కాబట్టి పనులూ మూడు. మెడ నుంచి భుజానికి దిగే పై పోగులు భుజాన్ని పైకి లాగుతాయి. అడ్డంగా ఉన్న మధ్య పోగులు రెక్క ఎముకల్ని వెన్నెముక వైపు దగ్గర చేస్తాయి. కింది నుంచి ఏటవాలుగా పైకెక్కే పోగులు రెక్క ఎముకను కిందికి దించుతాయి.

మూడూ పరీక్షించండి. జోడీ భుజాల మీద మీ చేతులు ఆన్చి కిందికి నొక్కుతూ, భుజాలు చెవుల వైపు ఎత్తమంటే పై భాగం గట్టిపడుతుంది. బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులూ పక్కలకు చాచి, బొటనవేళ్లు పైకి ఉంచి నేల మీద నుంచి లేపమంటే రెక్కల మధ్య భాగం లేస్తుంది. అవే చేతుల్ని తలకు ఇరుపక్కలా ఏటవాలుగా ముందుకు చాచి లేపమంటే కింది భాగం 8వ, 9వ ఛాతీ పూసల పక్కన మీ వేళ్ల కింద తగులుతుంది. చాలామందికి ఈ మూడోది బలహీనంగా ఉంటుంది. చేతులు ఒకటి రెండు అంగుళాలు కూడా లేవవు, లేచినా వెంటనే వణుకుతాయి.

ఇప్పుడు అసలు చూడాల్సింది. జోడీని కూర్చోబెట్టి, రెక్క ఎముక కింది మూల మీద మీ బొటనవేలు ఉంచి, చెయ్యిని పక్క నుంచి పూర్తిగా తలపైకి ఎత్తమనండి. ఆ మూల మీ వేలి కిందనుంచి చంక వైపు జారిపోతుంది. చేరిన చోట ఇంకో చుక్క పెట్టి, ముందు గీసినదానితో పోల్చి చూడండి. చెయ్యి 180 డిగ్రీలు లేస్తే అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలులో, మిగతా 60 రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి. ట్రెపీజియస్ పై పోగులూ కింది పోగులూ, పక్కటెముకల మీది సెర్రేటస్ యాంటీరియర్ అనే కండరంతో కలిసి ఎముకను అలా తిప్పుతాయి. పై అటక మీది డబ్బా అందుకోలేక భుజం పట్టేసిందనేవాళ్లలో కొందరికి అసలు లోపం భుజం కీలులో ఉండదు, ఈ తిరుగుడులో ఉంటుంది.

ఈ కండరానికి నరం తల నుంచి వస్తుంది, 11వ కపాల నరం. మెడ పక్కన అది చర్మానికి బాగా దగ్గరగా వెళ్తుంది. అందుకే మెడలో గడ్డలు తీసే సర్జరీ తర్వాత భుజం కిందికి వాలిపోయినట్టున్నా, చెయ్యి తలపైకి లేవకపోయినా ఆ సంగతి సర్జన్‌కు వెంటనే చెప్పాలి.

టెన్షన్‌లో ఉన్నప్పుడు భుజాలు మనకు తెలియకుండానే పైకి లేస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి పై పోగుల మీద వెనకనుంచి చెయ్యి వేసి చూడండి. మౌస్ మరీ దూరంగా ఉంటే ఆ పక్క పోగులు గట్టిగా ఉంటాయి. మౌస్‌ను దగ్గరికి జరిపి, మోచేతికి ఆనిక ఇస్తే కాసేపట్లోనే మెత్తబడటం మీ చేతికే తెలుస్తుంది.

అడుగు 3: లాటిస్సిమస్ డార్సై

జిమ్‌లో అందరూ లాట్స్ అనేది దీన్నే. వీపు కండరాల్లో ఇంత వెడల్పయినది ఇంకోటి లేదు. 7వ ఛాతీ పూస నుంచి నడుం దాకా, అక్కణ్నుంచి తుంటి ఎముక అంచు దాకా పరుచుకుని మొదలవుతుంది. కింది మూడు నాలుగు పక్కటెముకల్ని కూడా పట్టుకుంటుంది. అంత వెడల్పుగా మొదలై, పైకి వెళ్తూ సన్నబడి, మెలి తిరిగి, చంక కిందుగా ముందుకు వచ్చి దండచేయి ఎముక ముందు వైపు అతుక్కుంటుంది. వీపు కండరం ఎముక ముందు వైపుకు వచ్చి పట్టుకోవడం మొదట్లో వింతగా అనిపిస్తుంది. అలా పట్టుకుంది కాబట్టే చెయ్యిని కిందికీ వెనక్కీ లాగడమే కాకుండా లోపలికి కూడా తిప్పగలుగుతుంది.

పట్టుకోవడం తేలిక. జోడీ చెయ్యి కొంచెం పక్కకు ఎత్తమని, చంక వెనక అంచును బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకోండి. మీ రెండో చెయ్యి ఆ మోచేతి కింద ఉంచి, దాన్ని కిందికి నొక్కమనండి. పట్టుకున్న అంచు ఒక్కసారిగా గట్టిపడుతుంది. దీనికి పక్కనే టెరెస్ మేజర్ అనే చిన్న కండరం కూడా ఉంటుంది, రెండూ కలిసే ఆ అంచు. అక్కణ్నుంచి వేళ్లు కిందికి, పక్కటెముకల మీదికి జరిపి ఒకసారి దగ్గమనండి. దగ్గినప్పుడు కూడా ఇది టక్కున బిగుసుకుంటుంది. నాలుగు రోజులు గట్టిగా దగ్గినవాళ్లకు డొక్కలు నొప్పెట్టడంలో దీని వాటా కూడా ఉంటుంది.

చేతులు పైన పట్టుకుని ఒంటిని పైకి లాక్కునే ప్రతి పనీ దీనిదే. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి వీపు చూస్తే చంక నుంచి నడుం దాకా ఈ కండరం గీసినట్టు కనిపిస్తుంది. బావిలో నీళ్లు చేదడం, ఈతలో చెయ్యి వెనక్కి లాగడం, కుర్చీ చేతుల మీద భారం వేసి పైకి లేవడం, అన్నింట్లోనూ ఇదే ముందుంటుంది. చంక కర్రలతో నడిచేవాళ్లకు ఇది ఎంత బలంగా ఉంటే అంత మంచిది.

ఇంకో పరీక్ష కూడా చేయండి. గోడకు వీపు ఆన్చి, నడుం గోడకు దగ్గరగా ఉంచి, రెండు చేతులూ ముందు నుంచి తలపైకి ఎత్తమనండి. చేతులు లేస్తున్నకొద్దీ నడుం గోడను వదిలి ముందుకు వంగిందంటే లాట్స్ బిగుసుకుని ఉండొచ్చు. చేతిని తుంటికి కట్టేసే కండరం ఇది, కాబట్టి సాగకపోతే నడుమే వంగి దారి ఇవ్వాలి. బీరువా పైనుంచి సామాను తీస్తే నడుం ఎందుకు నొప్పెడుతుందని అడిగేవాళ్లకు సమాధానం ఒక్కోసారి ఇక్కడే దొరుకుతుంది.

పోయే ముందు ఒక చిన్న చోటు చూపించాలి. జోడీని చేతులు కట్టుకుని ముందుకు వంగమనండి. రెక్క ఎముక లోపలి అంచుకూ, ట్రెపీజియస్‌కూ, లాటిస్సిమస్ పై అంచుకూ మధ్య కండరం పలచగా ఉన్న ముక్కోణం ఏర్పడుతుంది. ఊపిరితిత్తుల చప్పుడు అక్కడ స్పష్టంగా వినిపిస్తుంది. డాక్టర్లు చేతులు కట్టుకోమని చెప్పి వీపు మీద స్టెతస్కోప్ పెట్టేది అందుకే.

అడుగు 4: ట్రెపీజియస్ కింద దాక్కున్నవి

లివేటర్ స్కాపులే మెడలోని పై నాలుగు పూసల కొమ్ముల నుంచి దిగి రెక్క ఎముక పై మూలకు పట్టుకుంటుంది. పొద్దున లేవగానే మెడ పట్టేసి, తల ఒక పక్కకు తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూస్తామే, అప్పుడు తరచూ నొప్పెట్టేది ఇది. రెక్క ఎముక పై మూలకు కొంచెం పైన నొక్కితే చాలామందికి "అబ్బా, అక్కడే" అనిపించే చోటు తగులుతుంది. రెక్క ఎముకను ఎత్తడం, మెడను తన పక్కకు వంచడం దీని పని. తల బరువు 4.5 నుంచి 5 కిలోల దాకా ఉంటుంది. ఫోన్ చూస్తూ తల ముందుకు వాలిస్తే ఆ బరువును వెనకనుంచి పట్టి ఉంచే భారంలో కొంత ఈ సన్నటి కండరం మీద పడుతుంది. అలా గంటలకొద్దీ పట్టి ఉంచితే అది అలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు. దాన్ని ఎంత పిసికినా, ఫోన్ ఎత్తు మారకపోతే రేపు మళ్లీ అదే నొప్పి.

రాంబాయిడ్లు రెండు, చిన్నది, పెద్దది. మెడ 7వ పూస నుంచి ఛాతీ 5వ పూస దాకా ఉన్న ముళ్ల నుంచి ఏటవాలుగా కిందికి దిగి రెక్క ఎముక లోపలి అంచుకు చేరతాయి. పైన ట్రెపీజియస్ కప్పి ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టే కిటుకు కావాలి. జోడీని చెయ్యి వెనక్కి పెట్టి, అరచెయ్యి బయటికి ఉండేలా నడుం మీద ఆన్చమనండి. ఇప్పుడు ఆ చేతిని వీపు మీద నుంచి కొంచెం పైకి లేపమనండి. ఈ భంగిమలో ట్రెపీజియస్ దాదాపు వదులుగా ఉంటుంది, రెక్క లోపలి అంచు పక్కన ఉబ్బి తగిలేది రాంబాయిడ్. రెక్క ఎముకను వెన్నెముక వైపు లాగి, కిందికి తిప్పి, ఛాతీకి అదిమి ఉంచడం దీని పని.

రెక్కల మధ్య నొప్పి అనగానే రాంబాయిడ్ బిగుసుకుంది అంటారు. చాలాసార్లు బిగుసుకోవడం కాదు, ముందుకు వాలిన భుజాల వల్ల పొడవుగా సాగిపోయి అలిసి ఉంటుంది. దాన్ని ఇంకా సాగదీసే వ్యాయామాలు చేయిస్తే ఏం లాభం? బలం పెంచాలి. నా మట్టుకు నేను ముందు చేయించేది రెక్కలు దగ్గరికి తెచ్చే రోయింగ్ లాంటి కదలికే.

మధ్యపొర

రాంబాయిడ్ల కిందా లాటిస్సిమస్ కిందా సెర్రేటస్ పోస్టీరియర్ అనే పలచటి కండరాలు పైన ఒక జత, కింద ఒక జత ఉంటాయి. పక్కటెముకలకు అతుక్కుంటాయి కాబట్టి ఊపిరికి సాయపడతాయని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. దానికి గట్టి ఆధారాలు దొరకలేదు. చేతికి కూడా దొరకవు. ముందుకు వెళ్దాం.

అడుగు 5: అసలు వీపు, ఎరెక్టర్ స్పైనే

ఇప్పటిదాకా చూసిన పైపొర కండరాలన్నీ వీపు మీద ఉన్నా చేతికోసం పనిచేసేవి. లాటిస్సిమస్‌కూ రాంబాయిడ్లకూ నరాలు మెడ పూసల మధ్య నుంచి ముందు వైపుకు వెళ్లే కొమ్మల నుంచి వస్తాయి. ఇకపై చూసేవి వెన్నెముక సొంత కండరాలు. వీటికి ప్రతి పూస దగ్గరా వెన్ను నరం నుంచి వెనక్కి తిరిగే చిన్న కొమ్మ నరం ఇస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏది పైపొరో ఏది లోతుదో ఎప్పుడూ తడబడరు.

జోడీని బోర్లా పడుకోబెట్టి తల, ఛాతీ కొంచెం పైకి లేపమనండి. నడుం మధ్యలో గాడి, దానికి రెండు పక్కలా రెండు గట్లు లేస్తాయి. ఆ గట్లే ఎరెక్టర్ స్పైనే. సేక్రమ్, తుంటి ఎముక, నడుం ముళ్ల మీద దళసరి టెండన్‌గా (కండరాన్ని ఎముకకు అతికించే గట్టి పట్టీ) మొదలై పైకి వెళ్తూ మూడు పాయలవుతుంది. బయటి పాయ ఇలియోకాస్టాలిస్ పక్కటెముకల్ని పట్టుకుంటూ పోతుంది. నడిమి పాయ లాంజిస్సిమస్ పూసల కొమ్ములూ పక్కటెముకలూ పట్టుకుంటూ చెవి వెనక బుడిపె దాకా వెళ్తుంది. లోపలి సన్నపాయ స్పైనాలిస్ ముళ్ల నుంచి ముళ్లకు. రెండు పక్కలా కలిసి లాగితే వీపు వెనక్కి వంగుతుంది, ఒక పక్కే లాగితే ఒళ్లు ఆ పక్కకు వంగుతుంది.

జోడీని నిలబెట్టి, రెండు గట్ల మీదా చెరో బొటనవేలు ఉంచి, నిలబడ్డచోటే నెమ్మదిగా అడుగులు వేయమనండి. ఒకసారి ఎడమది, ఒకసారి కుడిది మార్చి మార్చి బిగుసుకుంటాయి. కాలు లేచిన పక్కకు తుంటి కుంగిపోకుండా పట్టి ఉంచే పని అది. నడవడానికి కాళ్లు చాలనుకునేవాళ్లకు ఇది చూపించి తీరాలి.

తర్వాత పరీక్ష నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వేళ్లు అక్కడే ఉంచి, మోకాళ్లు వంచకుండా నెమ్మదిగా ముందుకు వంగమనండి. వంగుతున్నంతసేపూ గట్లు గట్టిగా ఉంటాయి. ఒంటిని కిందికి లాగుతున్నది భూమి ఆకర్షణే, ఈ కండరాలు కొద్దికొద్దిగా వదులుతూ పడిపోకుండా ఆపుతున్నాయి. పూర్తిగా వంగిపోయాక మాత్రం గట్లు మెత్తబడతాయి. కండరం పని ఆపేసింది, బరువంతా పూసల్ని కట్టి ఉంచే లిగమెంట్ల మీద వేలాడుతోంది. 1950లలోనే కండరాల్లోని విద్యుత్తును కొలిచి దీన్ని నిరూపించారు.

ఆ ఒక్క విషయంలో ఎంత అర్థం ఉందో వరి నాట్లు వేసేవాళ్లను తలుచుకుంటే తెలుస్తుంది. నడుం పూర్తిగా వంచి గంటలతరబడి పని చేసేటప్పుడు లిగమెంట్లు మెల్లమెల్లగా సాగుతాయి. సాగిన లిగమెంటు వెంటనే మునుపటి బిగువుకు రాదు. అందుకే వంగి పని చేసి లేవగానే నారు కట్టల గంప ఎత్తకూడదు. నిటారుగా నిలబడి, నడుం మీద చేతులు వేసి, ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ నడిచి అప్పుడు ఎత్తాలి. గంటలకొద్దీ కారు నడిపి దిగగానే డిక్కీలోంచి సూట్‌కేసు లాగేవాళ్లకూ ఇదే మాట.

అడుగు 6: అన్నిటికంటే లోతున ఉన్నవి

ఎరెక్టర్ స్పైనే కింద, పూసల్ని ఆనుకుని పొట్టి కండరాలు వరసగా ఉంటాయి. పూస కొమ్ము నుంచి బయల్దేరి, ఏటవాలుగా పైకెక్కి, పై పూస ముల్లుకు చేరడం వీటి తీరు. ఐదారు పూసలు దాటేవి సెమీస్పైనాలిస్, మెడ వెనక దళసరి భాగం చాలావరకు ఇదే. రెండు నుంచి నాలుగు పూసలు దాటేది మల్టిఫిడస్. ఒకటి రెండే దాటేవి రొటేటర్లు. ఒళ్లు తిప్పే బలం రొటేటర్లకు లేదు. వాటి అసలు పని కబురు అందించడం అనుకోవచ్చు. ఏ పూస ఎంత తిరిగిందో మెదడుకు చెప్పే సెన్సర్లు ఇలాంటి పొట్టి కండరాల్లో దట్టంగా ఉంటాయి. పుర్రె కింద మెడ మొదట్లో ఉన్న నాలుగు జతల చిన్న కండరాల్లో అయితే మరీ ఎక్కువ.

వీటిలో మల్టిఫిడస్ గురించి కాస్త ఆగి చెప్పాలి. కరెంటు స్తంభం ఒరగకుండా స్టే వైరు పట్టుకున్నట్టు ఒక్కో పూసనూ ఇది పట్టి ఉంచుతుంది. ఛాతీ దగ్గర సన్నగా ఉండి, నడుం కిందికి వచ్చేసరికి లావవుతుంది. చివరి నడుం పూస దగ్గర చేతికి తగిలే కండరం ఎక్కువ భాగం ఇదే. జోడీని బోర్లా పడుకోబెట్టి, 5వ నడుం పూస ముల్లు పక్కనే, వేలెడు దూరం కూడా జరగకుండా, రెండు వేళ్లు మెత్తగా లోతుకు ఆన్చండి. వేళ్లు కుడి పక్క ఉంటే ఎడమ చెయ్యిని ముందుకు చాచి నేల నుంచి కొద్దిగా లేపమనండి. వేళ్ల కింద చిన్న ఉబ్బు వస్తుంది. చెయ్యి పైన కదిలితే నడుంలో ఎదురు పక్క కండరం స్పందించడం మొదటిసారి చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు. రెండో పక్క కూడా చూసి పోల్చండి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో జూలీ హైడ్స్ బృందం 1990లలో అల్ట్రాసౌండ్‌తో ఈ కండరాన్ని కొలిచింది. మొదటిసారి నడుం పట్టేసినవాళ్లలో నొప్పి ఉన్న పక్క మల్టిఫిడస్ త్వరగానే చిక్కిపోయి కనిపించింది. నొప్పి కొన్ని వారాల్లో పోయింది, కండరం మాత్రం దానంతటది తిరిగి పెరగలేదు. దానికోసమే వ్యాయామం చేసినవాళ్లలో పెరిగింది. నొప్పి తగ్గింది కదా అని అక్కడితో వదిలేయొద్దని నేను పదేపదే చెప్పడానికి ఇదే కారణం. మాత్రతో నొప్పి తగ్గుతుంది, కండరం తిరిగి రాదు.

మెడ వెనక స్ప్లీనియస్ అనే కండరాన్ని కూడా పట్టి చూడండి. తల కుడికి తిప్పితే కుడి స్ప్లీనియస్ బిగుస్తుంది, కానీ గొంతు పక్కన తాడులా లేచే ముందు కండరం మాత్రం ఎడమది. తల తిప్పడం ఈ ఇద్దరి ఉమ్మడి పని.

అడుగు 7: అన్నీ కలిసి పనిచేయడం చూడండి

నడుం కండరాల మీద తోరాకోలంబార్ ఫేషియా అనే తెల్లటి దళసరి పొర ఉంటుంది. పైనుంచి లాటిస్సిమస్, కిందినుంచి ఎదురు పక్క పిరుదు కండరం, పక్క నుంచి కడుపులోని అడ్డ కండరం దీన్ని పట్టి లాగుతాయి. నడిచేటప్పుడు కుడి చెయ్యీ ఎడమ కాలూ కలిసి కదలడం ఒంటికి సుఖంగా ఉండటంలో దీని పాత్ర ఉంది. నడుం నొప్పికి పిరుదుల వ్యాయామం, కడుపు వ్యాయామం ఎందుకు చెబుతారో కూడా ఇక్కడ అర్థమవుతుంది.

ఇప్పుడు 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తడం లెక్కేద్దాం. నీళ్లే 20 కిలోలు. క్యాన్‌ను నడుం పూసకు 40 సెంటీమీటర్ల దూరంలో, చేతులు చాచి పట్టుకున్నారు. ఎరెక్టర్ స్పైనే పూస మధ్యకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. 20ని 40తో గుణించి 5తో భాగిస్తే 160. అంటే ఆ 20 కిలోల క్యాన్ కోసమే కండరం 160 కిలోల బలంతో లాగాలి, మీ ఒంటి బరువు ఇంకా కలపలేదు. అదే క్యాన్‌ను పొట్టకు ఆన్చుకుని 20 సెంటీమీటర్లకు తెస్తే 80 చాలు. వంగే తీరు గురించి ఎన్ని వాదనలున్నా బరువును ఒంటికి దగ్గరగా పెట్టుకోమనే మాటలో వాదన లేదు.

జోడీతో ఖాళీ క్యాన్ ఎత్తించి, గట్ల మీద చెయ్యి ఉంచి మీరే తేడా చూడండి. చేతులు చాచినప్పుడూ, దగ్గరికి తెచ్చినప్పుడూ.

ఎత్తేటప్పుడు ఒళ్లు మెలితిప్పకండి. క్యాన్ డిస్పెన్సర్ మీద బోర్లించడానికి నడుం తిప్పే బదులు పాదాలు తిప్పాలి.

అడుగు 8: ఈ జ్ఞానంతో నొప్పిని చదవడం

నొప్పి ఉన్న చోట ఏ కండరం ఉందో ఇప్పుడు చెప్పగలరు. అయితే తొందరపడి తీర్పు ఇవ్వకండి, ముందు మూడు సంగతులు చూడండి. ఆ కండరాన్ని పనిచేయిస్తే నొప్పి పెరుగుతోందా? సాగదీస్తే పెరుగుతోందా? నొక్కితే అదే నొప్పి తిరిగి వస్తోందా? మూడింటికీ అవుననే జవాబు వస్తే కండరమే కారణమయ్యే అవకాశం ఎక్కువ. కదలికతో ఏ సంబంధమూ లేకుండా, చివరి పక్కటెముక కింద ఒక పక్క లోతుగా నొప్పి ఉండి, జ్వరమో మూత్రంలో మంటో ఉంటే అది కిడ్నీ కావచ్చు. ఆ చోట క్వాడ్రేటస్ లంబోరమ్ అనే కండరం కూడా ఉంది, తుంటిని పైకి లాగేది అదే. నిలబడి ఒక తుంటిని పైకి ఎగదీస్తే నొప్పి పెరిగితే దాన్ని అనుమానించాలి.

మామూలు నడుం పట్టుకు మంచం పట్టడం మంచిది కాదు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరాలే నీరసిస్తాయి. నొప్పి భరించగలిగినంతలో నడవండి. తగ్గాక చేతులూ మోకాళ్ల మీద ఉండి, ఎదురెదురు చెయ్యీ కాలూ నెమ్మదిగా చాచి కొన్ని సెకన్లు ఆపే వ్యాయామం మల్టిఫిడస్‌కూ ఎరెక్టర్ స్పైనేకూ పని పెడుతుంది. నడుం అటూ ఇటూ ఊగకుండా చేయగలిగినన్నే చేయండి. ఊగిందంటే అలిసిందని లెక్క.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం వ్యాయామం, మసాజ్ అన్నీ పక్కన పెట్టాలి. మల మూత్రాల మీద అదుపు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు బలం తగ్గుతూ పోవడం: ఇవి ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. వారాలకొద్దీ తగ్గని వెన్నునొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో వెన్నెముక టీబీని తప్పకుండా అనుమానించాలి. పడ్డాక వచ్చిన నొప్పి, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినవాళ్లలో కొత్తగా మొదలైన నొప్పి, పెద్ద వయసువాళ్లలో చిన్న కుదుపుకే పట్టేసిన నొప్పి కూడా పరీక్ష చేయించాల్సినవే. రెక్కల మధ్య ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఆయాసం వస్తుంటే రాంబాయిడ్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి, అది గుండెకో, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళానికో సంబంధించింది కావచ్చు.